పెంటకుప్ప నేర్పిన విద్య: ఇంటి ఎరువు పద్ధతుల సమీక్ష

మన పల్లెలలో ప్రతి యింటికిని పెరటి కొసను గాని, ఊరి చివర గాని ఒక పెంటకుప్ప ఉండెడిది. కొట్టమునుండి ఎత్తిన పేడ, పశువులు తినగా మిగిలిన గడ్డిపోచలు, పొయ్యిలోని బూడిద, వంటింటి తొక్కలు, వాకిట రాలిన వేపాకు, ఇవన్నియు ఏడాది పొడుగున అచటికి చేరి, వేసవి చివర బండ్లకెక్కి పొలమునకు పోయెడివి. దానికొక శాస్త్రమున్నదని గాని, దానిని నేర్చుకొనవలసియుండునని గాని ఎవ్వరును తలంపలేదు. నేడు కొట్టము లేక, పెరడు లేక, మూడవ అంతస్తులో కాపురముండు గృహస్థు మిద్దెమీద నాలుగు కుండీలు పెట్టుకొని, వాని కొరకు ఎరువును తానే చేసికొన సంకల్పించినప్పుడు, ఆ పెంటకుప్ప తనంతట తాను చేసిన పనులన్నింటిని ఇతడు తెలిసి చేయవలసివచ్చుచున్నది. అందుచేతనే పద్ధతులు పుట్టినవి. పద్ధతులతోపాటు వాదములును పుట్టినవి. గొయ్యి మేలా, కుప్ప మేలా? తిరుగవేయవలెనా, కదపకుండ విడువవలెనా? వానపాములు ఉండితీరవలెనా? అంగడిలో అమ్మెడి సూక్ష్మజీవుల పొడి లేనిదే పని జరుగదా? ఈ ప్రశ్నలను వరుసగా పరిశీలించి, తొలిసారి ఈ పనికి పూనుకొనువానికి ఏది అత్యవసరమో, ఏది ఆడంబరమో తేల్చుట ఈ వ్యాసోద్దేశము.

భూమినుండి తీసినదానిని భూమికి మరల నిచ్చుట మన దేశమున నూతన విషయము కాదు. సురపాలుని పేర నిలిచిన వృక్షాయుర్వేదమున కుణపజలమను ద్రవపుటెరువు చెప్పబడియున్నది. తెలుగునాట చెరువు ఎండినప్పుడు పూడికమట్టిని పొలమునకు తోలుటయు, గొఱ్ఱెల మందను రాత్రివేళ చేనిలో నిలుపుటయు, జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూతకు వచ్చు సమయమున కలియదున్నుటయు, కానుగరొట్టను మళ్లలో తొక్కించుటయు రైతు లెరిగిన విద్యలే. అయితే ఈ అనుభవమును కొలతలకును, క్రమమునకును లోబఱచి, ప్రపంచమునకు ఒక పద్ధతిగా నందించిన కీర్తి ఆల్బర్టు హోవర్డునకు దక్కినది. 1924లో ఇండోరున నెలకొన్న వృక్ష పరిశోధన సంస్థకు అధిపతియై, 1931 వరకు అచట పనిచేసి, యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలిసి ఆ యేటనే తన ప్రయోగముల నతడు గ్రంథరూపమున ప్రకటించెను. ఇండోరు పద్ధతి యనబడు ఆ విధానమున చెట్టుచేమల వ్యర్థములను, పేడను, పశువుల మూత్రముతో తడిసిన మట్టిని, కట్టెబూడిదను పొరలుపొరలుగా పఱచి, నీరు చిలికి, మూడుమార్లు తిరుగవేయుదురు. మూడు నెలలకు ఎరువు సిద్ధమగును. ఇది కేవలము తన ప్రతిభాఫలమని హోవర్డు చెప్పుకొనలేదు. చీనా రైతుల భూసార సంరక్షణమును వర్ణించుచు 1911లో వెలువడిన ఎఫ్. హెచ్. కింగ్ గ్రంథమునకు తన ఋణమును ఒప్పుకొనెను. భారతీయ కర్షకులను తన ఆచార్యులుగా చెప్పుకొనుటకును సంకోచింపలేదు.

పిదప వచ్చిన పద్ధతులు ఒక్కొక్కటి ఒక్కొక్క అక్కరను తీర్చుటకు పుట్టినవి. 1939లో బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య పట్టణముల చెత్తను, మలమును కందకములలో పొరలుగా నింపి, మట్టితో కప్పివేసి, ఆరు మొదలు ఎనిమిది నెలలు కదపకుండ విడుచు విధానమును రూపొందించెను. పనివాండ్ర శ్రమయు, ఈగల బెడదయు తగ్గించుట దాని ప్రయోజనము. మహారాష్ట్రమున నారాయణ్ దేవ్‌తావ్ పంఢరీపాండే అను కర్షకుడు, పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల ఇటుకల తొట్టికి గోడలలో నడుమ నడుమ కన్నములు విడిచి, కొద్దిపాటి పేడతోనే విస్తారమైన ఎరువు చేయు మార్గమును చూపెను. ఆయన పేరులోని తొలి యక్షరములే దానికి నాడెప్ అను పేరైనవి. ఇక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వెలసిన బర్కిలీ పద్ధతిలో, వ్యర్థములను చిన్న చిన్న ముక్కలుగా తఱిగి ఒకేసారి కుప్పవేసి, ఒకటి రెండు దినముల కొకమారు తిరుగవేయుచు రెండు మూడు వారములలోనే ఎరువు తీయుదురు.

ఈ నాలుగింటిని పక్కపక్కన నుంచి చూచినచో, వాని భేదమంతయు ఒకే ఒక ప్రశ్నకు చెప్పిన నాలుగు సమాధానములని తోచును: కుప్పలోనికి గాలి ఎట్లు పోవలెను? హోవర్డు గాలికి బదులుగా మనుష్యుని రెక్కల కష్టమును అడిగెను. బర్కిలీవారు ఆ కష్టమును మఱింత హెచ్చించి కాలమును తగ్గించిరి. పంఢరీపాండే గోడకు కన్నములు పెట్టి ఆ కష్టమును ఇటుకలకు అప్పగించెను. ఆచార్య గాలిని వదలుకొని, దాని వెలను నెలల రూపమున చెల్లించెను. కావున ఏ పద్ధతి ఉత్తమము అను ప్రశ్నకు అర్థము లేదు. శ్రమ, స్థలము, కాలము అను మూడింటిలో దేనిని వెచ్చింప గలవు అని ఎవరికి వారు వేసికొనవలసిన ప్రశ్నయే సరియైనది.

కుప్పలో జరుగు క్రియ యేమి? ఆకులు, తొక్కలు తమంతట తాము ఎరువగుట లేదు. కంటికి కానరాని సూక్ష్మజీవులును, బూజులును వానిని ఆరగించుచున్నవి. ఆ ప్రాణులకు కర్బనము ఇంధనము, నత్రజని మాంసము. తిన్న కర్బనములో అధికభాగమును ఊపిరితో బొగ్గుపులుసు వాయువుగా విడిచివేయును గనుక, ఒక పాలు నత్రజనికి ఇరువదియైదు మొదలు ముప్పది పాళ్ల కర్బనము ఉన్నప్పుడు వానికి సమతులమైన భోజనమగును. కూరగాయల తొక్కలు, పచ్చిగడ్డి, కాఫీపిప్పి, పేడ, ఇవి నత్రజని మెండుగా గలవి. వీనిలో ఒక పాలు నత్రజనికి పదునైదు మొదలు ఇరువదియైదు పాళ్ల కర్బనమే యుండును. ఎండుటాకులలో నలువది మొదలు ఎనుబది పాళ్లు, వరిగడ్డిలోను ఇంచుమించు అంతే, రంపపు పొట్టులో రెండు వందలకు పైగా నుండును. వంటింటి చెత్తను మాత్రమే పోగుచేసినచో మిగులు నత్రజని అమోనియాయై గాలిలో కలిసిపోవును. ఎండుటాకు మాత్రమే పోగుచేసినచో ఏడాది గడచినను ఆకు ఆకుగానే యుండును.

ఈ లెక్కను ఇంటి కొలతలోనికి దింపి చూతము. కిలో కూరగాయల తొక్కలలో ఎనిమిదివందల గ్రాములు నీరే. మిగిలిన రెండువందల గ్రాములలో కర్బనము సుమారు తొంబది గ్రాములు, నత్రజని ఐదు గ్రాములు. దీనికి పావుకిలో ఎండుటాకు చేర్చినచో, కర్బనము రెండువందల గ్రాములకును, నత్రజని ఏడు గ్రాములకును చేరి, నిష్పత్తి ముప్పదికి లోపల నిలుచును. కిలో తడికి పావుకిలో పొడి! కంటి కొలతకు చెప్పవలెనన్నచో, ఒక గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల నలిపిన ఆకు. తొలిసారి చేయువాడు మిగిలిన అంకెలన్నియు మఱచినను, ఈ యొక్క కొలతను మఱవకున్న చాలును.

నీటి విషయమునను మితము కావలెను. బరువులో సగము మొదలు అరువది పాళ్ల వరకు తేమ ఉండుట మంచిదందురు. దీనిని తూచి చూడ నక్కఱలేదు. పిడికెడు తీసికొని గట్టిగా పిండినప్పుడు ఒకటి రెండు చుక్కలు రాలిన సరి. ధారగా కారినచో నీరెక్కువ. పిడికిలి తెఱవగానే ముద్ద విడిపోయినచో నీరు తక్కువ. రెంటచింతల యెండలకు కుప్ప రెండు దినములలో వరుగైపోవును. కోస్తా తీరపు ముసురులో అదే కుప్ప పది దినములలో బురదయగును. కాబట్టి పుస్తకములలోని నీటి లెక్కలకంటె ఈ పిడికిలియే నమ్మదగిన సాక్షి.

వేడినిగూర్చి గొప్ప చర్చ కలదు. మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తునకు తగ్గని కుప్ప వేసినప్పుడు, లోపల పుట్టిన వేడి బయటికి పోలేక, ఉష్ణోగ్రత యాభైయైదు డిగ్రీలు దాటును; అచట మూడు దినములు నిలిచినచో రోగకారక జీవులును, కలుపు విత్తనములలో పెక్కును నశించును. డెబ్బది డిగ్రీలకు సమీపించినచో మేలుచేయు జీవులును చచ్చును గనుక, అప్పుడు తిరుగవేసి చల్లార్చవలెను. అయితే మిద్దెమీది కుండకు ఈ శాస్త్రమంతయు వర్తింపదు. చిన్న కుండలో పుట్టిన వేడి అప్పటికప్పుడే గోడలగుండ పోవును; అందు ఎరువగును గాని, విత్తనములు చావవు. మనము నాటని టమాట మొక్కయు, గుమ్మడి తీగయు గులాబి కుండీలో తలయెత్తుటకు కారణమిదియే. అది దోషము కాదు. అయినను తెగులు పట్టిన మొక్కలను, గింజకట్టిన కలుపును చిన్న కుండలో వేయరాదన్న హెచ్చరిక దానిలో ఇమిడియున్నది.

స్థలము కొఱవడిన గృహస్థునకు నేడు మూడు మార్గములు కలవు. మొదటిది, ఒకదానిపై నొకటి నిలిపిన మట్టికుండలు గాని, కన్నములు పెట్టిన పాత డ్రమ్ము గాని. మట్టికుండ ఊపిరి పీల్చును, అధికమైన తేమను తానే ఆర్చును. అందుచేత మన వాతావరణమునకు ఇదియే అనుకూలము. రెండవది వానపాముల తొట్టి. వానపాములు మట్టిని సృష్టించు విధమును 1881లో డార్విను ఒక గ్రంథముగా వ్రాసినది మొదలు వానియందు లోకమునకు గౌరవము హెచ్చినది. అవి విసర్జించు గుళికల యెరువు మేలైనదే. కాని పెరటిలో లోతుగా బొరియలు చేసికొనియుండు వానపామును తెచ్చి తొట్టిలో వేసినచో నిలువదు. ఆకుల నడుమ ఉపరితలమున బ్రతుకు ఎఱ్ఱజాతియే కావలెను. ఉష్ణోగ్రత ముప్పదియైదు డిగ్రీలు దాటినచో అవి పారిపోవును, లేదా చచ్చును. మన వేసవిలో నీడయు, తడిపిన గోనెసంచియు, నిత్య పర్యవేక్షణయు లేక ఈ తొట్టిని కాపాడుట దుర్లభము. కావున వానపాములు తొలి యేటి విద్య కాదు, రెండవ యేటి విద్య. మూడవది జపాను దేశపు బొకాషి. సూక్ష్మజీవులు పట్టించిన తవుడును చెత్తపై చల్లి, గాలి చొరని డబ్బాలో రెండు వారములు మూసియుంచుట. నిజమునకిది ఎరువు చేయుట కాదు, చెత్తను ఊరవేయుట. ఊరిన దానిని మట్టిలో పూడ్చి మఱి కొన్ని వారములు వేచియుండవలెను. పూడ్చుటకు మట్టి లేనివానికి దీనివలన సగము పనియే తీరును.

సూక్ష్మజీవుల పొడులను, ద్రవములను గూర్చి రెండు మాటలు. ఘాజియాబాదులోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రము ఇరువది రూపాయలకే ఒక చిన్న సీసాను రైతుల కందించినది. అంగళ్లలో దానికి పదిరెట్ల వెలగల పొట్లములును కలవు. ఇవి హానికరములని ఎవ్వరును అనరు. కాని ప్రతి ఆకుమీదను, ప్రతి తొక్కమీదను ఈ జీవులు మునుపే కాపురముండును. పిడికెడు తోటమట్టి గాని, పాత ఎరువు గాని, కొంచెము పేడనీరు గాని, పుల్లమజ్జిగ గాని చేర్చిన చాలును. కుప్పలో తేమ, గాలి, ఎండుటాకు పాలు సరిగా నున్నచో ఈ పొడి అక్కఱలేదు. అవి సరిగా లేనప్పుడు ఎంత వెలగల పొడియు అక్కఱకు రాదు.

ఇచట నా తొలి ప్రయత్నమును చెప్పుట అప్రస్తుతము కాదు. వాసన రాకూడదను జాగ్రత్తచేత నేనొక ప్లాస్టిక్కు బకెట్టు తెచ్చి, ప్రతిదినము వంటింటి తొక్కలు వేసి, గట్టి మూత బిగించితిని. పండ్రెండవనాడు మూత తీయగా కుళ్లిన కోడిగ్రుడ్ల కంపు వీధి చివరకు పోయినది. మా అమ్మ ముక్కుకు కొంగు అడ్డము పెట్టుకొని వచ్చి చూచి, "పెంటకుప్పకు మూత పెట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నా నాయనా" అన్నది. గాలి, ఎండుటాకు అను రెండు సూత్రములను పుస్తకములు నాకు పుటలకొలది బోధించినను, ఆ యొక్క మాటతోనే అవి నాకు అర్థమైనవి.

అందుచేత వాసనను నేరముగా గాక, సమాచారముగా గ్రహింపవలెను. కుళ్లుగ్రుడ్ల కంపు వచ్చినచో గాలి చొరలేదని అర్థము. కదిపి ఎండుటాకు కలుపవలెను. ఘాటైన అమోనియా వాసన వచ్చినచో నత్రజని మిగిలినదని అర్థము. దానికిని ఎండుటాకే మందు. సున్నము చల్లిన కంపు పోవునను నమ్మకము కలదు గాని, సున్నమువలన అమోనియా మఱింత వేగముగా ఎగిరి, ఎరువు సారము తగ్గును. సన్నయీగలు ముసరినచో కొత్త తొక్కలను ఆకుతో కప్పలేదని తెలిసికొనవలెను. లావైన, బూడిదవన్నె పురుగులు లుకలుకలాడినప్పుడు కొత్తవారు భయపడి కుప్పనే పాఱవేయుట కలదు. అవి చాలవఱకు కందిరీగను పోలిన యొకజాతి నల్లని యీగ పిల్లలు. ఆ యీగ కుట్టదు, అన్నముపై వ్రాలదు. దాని పిల్లలు చెత్తను మనకంటె శ్రద్ధగా నమలిపెట్టును.

కుండలో వేయగలవానికంటె వేయరానివి తక్కువ. మాంసము, చేపలు, నూనె మెండుగా గల కూరలు, ఉప్పును నూనెయు గల ఊరగాయలు, కుక్కల మలము, మెఱుపు కాగితము, పండ్లకంటించిన చీటీలు, ప్లాస్టిక్కు కలిసిన టీసంచులు వేయరాదు. మిగిలిన అన్నము కొద్దిగా నైనచో వేయవచ్చును. కుండెడు వేసినచో ఎలుకలకు విందగును. నిమ్మతొక్కలు, ఉల్లిపొట్టు కూడదనుట వానపాముల తొట్టికి సంబంధించిన నియమము. మామూలు కుండలో మితముగా వేయుట దోషము కాదు. మామిడి టెంకలు, కొబ్బరిచిప్పలు ఏండ్లు గడచినను చివుకవు. వినాయకచవితి పత్రియు, బతుకమ్మ పూవులును దారములు, రంగుకాగితములు తీసివేసినచో శ్రేష్ఠమైన ముడిసరకు.

ఇంతకును చేయవలసిన పని స్వల్పము. అడుగున కన్నములు గల కుండలో నాలుగంగుళముల మందమున ఎండుపుల్లలు, ఆకులు పఱచి, పిడికెడు పాత ఎరువు చల్లవలెను. ప్రతిదినము తొక్కలను చిన్న ముక్కలు చేసి వేసి, దానికి రెండింతల నలిపిన ఆకును కప్పవలెను. ఆకు దొరకనిచో కొబ్బరిపీచు పొట్టు గాని, చింపిన అట్టముక్కలు గాని వాడవచ్చును. వారమునకు రెండుమార్లు ఒక కఱ్ఱతో కలియబెట్టవలెను. కుండ నిండిన పిదప దానిని పక్కకు దింపి రెండవదానిని మొదలుపెట్టవలెను. మొదటిది మాగుటకు రెండు మూడు నెలలు పట్టును. నిండుకుండ మూడవవంతునకు గాని, అంతకు తక్కువకు గాని కుంగును.

మాగినదని తెలియుట యెట్లు? వేసిన వస్తువుల రూపము పోయి, రంగు నలుపుతిరిగి, తొలకరి వానకు తడిసిన నేల వాసన రావలెను. ఆ వాసన యాక్టినోమైసిటీసులను సూక్ష్మజీవుల చలువ. మఱియు సందేహము తీరనిచో, గుప్పెడు ఎరువులో పది మెంతులు చల్లి చూడుడు. అవి ఏపుగా మొలిచినచో ఎరువు పండినదే. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము అమ్మకమునకు వచ్చు పట్టణపు కంపోస్టులో కర్బన నత్రజనుల నిష్పత్తి ఇరువదికి లోపల ఉండవలెను. పచ్చి ఎరువును కుండీలో వేసినచో, దానిని తినుచున్న సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని గూడ లాగికొని, మొక్క ఆకులు పసుపుబారును.

ఇంటి ఎరువు సర్వరోగనివారిణి యనుటయు అతిశయోక్తియే. యూరియాలో నూటికి నలువదియారు పాళ్ల నత్రజని యుండగా, మంచి కంపోస్టులో ఒక పాలు నుండుటయే విశేషము. కిలో యూరియా నిచ్చు నత్రజనికి నలువదియారు కిలోల కంపోస్టు కావలెనన్నమాట. కాని యూరియా చేయలేని పనిని కంపోస్టు చేయును: మట్టికణములను గుల్లచేయును, నీటిని పట్టియుంచును, పోషకములను కొట్టుకొనిపోనీక నిలుపును. మన మెట్టభూములలో పెక్కింట సేంద్రియ కర్బనము అర శాతమునకైనను చేరక, నేల గట్టిపడియున్న ఈ దినములలో ఈ గుణము తక్కువది కాదు. కుండీమట్టిలో మూడవవంతు కంపోస్టు కలిపి, రెండు మూడు నెలల కొకమారు పైన రెండు గుప్పిళ్లు వేసిన చాలును.

ప్రతి గృహస్థును తడిచెత్తను, పొడిచెత్తను, హానికర వస్తువులను వేరుచేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థ నిర్వహణ నియమములు శాసించినవి. అట్లు వేరుచేయని తడిచెత్త హైదరాబాదు సమీపమున జవహర్‌నగర్ వంటి గుట్టలకు చేరి, గాలి తగులక కుళ్లి, మీథేను వాయువై భూగోళమును వేడెక్కించుచున్నది. నా బకెట్టులో జరిగినదే అచట కొండంత పరిమాణమున జరుగుచున్నది. అయితే విచిత్రమేమనగా, ఇంత చర్చలోను తడిచెత్త కొఱత ఎవరికిని లేదు. ఏ పద్ధతి చూచినను, ఏ కంపునకు మందు వెదకినను, కడకు చేయి చాపవలసివచ్చినది ఎండుటాకు కొరకే. ఆ ఎండుటాకును మనము ప్రతి ఉదయమును వీధివీధిన ఊడ్చి, కుప్పవేసి, నిప్పుపెట్టుచున్నాము.

కావున ఎరువు చేయ నెంచినవాడు మొట్టమొదట కొనవలసినది కుండ కాదు, సంపాదింపవలసినది గోనెసంచి. దినమునకు కిలో తొక్కలు వచ్చు ఇంటికి నెలకు సుమారొక గోనెడు ఆకు కావలెను. మాఘ ఫాల్గుణములలో వేపయు, బాదమును, రావియు ఆకు రాల్చునప్పుడు, నిప్పుపెట్టువానికంటె ముందుగా లేచి, నాలుగైదు గోనెలు నింపి, మెట్లక్రింద తడి తగులని చోట దాచుకొన్నవానికి, ముసురు పట్టి ఆకు దొరకని శ్రావణమున గూడ కుండ కంపుకొట్టదు.